మడుగులో మద్దిమొద్దు

ఒకే ఇంట్లో ఉండే ఇద్దరు మగవాళ్లు మాటలు మానుకుంటే ఆ ఇంటి కోడలికి ఎంత పని పడుతుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఒకే వసారాలో, ఒకే చాప మీద కూర్చుని, ఒకే గిన్నెలోని పప్పు వడ్డించుకుంటూ మా మామ, మా ఆయన నా నోటితో మాట్లాడుకున్నారు. "అమ్మా, నీ మొగునికి సెప్పు" అని ఆయన. "మా నాయనకు సెప్పు" అని ఈయన. మధ్యలో నేను, చేతిలో గరిటె. పోనీ తగవు పొలం గురించా అంటే అదీ కాదు. ఏటి మడుగులో పడి ఉన్న ఒక మద్దిమాను గురించి.

నేను పుట్టింది ఆదోనిలో. మేము దూదేకులవాళ్లం. మా నాయన విల్లు మీటి దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టేవాడు. మిల్లుల చప్పుడు, బజారులో పత్తిబండ్ల వరస, ఎక్కడ చూసినా గాలిలో తేలే దూది నూగు, నాకు తెలిసిన లోకం ఇదే. చెట్టంటే మా సందు చివర ఒక వేపచెట్టు ఉండేది, దానికీ ఎప్పుడూ ఎవరిదో ఒక మేక కట్టేసి ఉండేది. అలాంటిదాన్ని ఎనభైలలో ఎమ్మిగనూరు అవతల, తుంగభద్ర ఒడ్డున ఉన్న ఒక ఊరికి ఇచ్చారు. "ఏటి పక్క ఊరు, నీళ్లకు కరువుండదు" అన్నారు మా పెద్దలు. నీళ్లకు కరువు లేని మాట నిజమే. పాములకు కూడా లేదని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా అత్తవారిది పీర్ల చావిడి చూసుకునే ఇల్లు. మా మామ ముజావరు, అంటే పీర్లకు ఊదు వేసి, పండుగ జరిపించి, పట్టుగుడ్డలు కట్టిన పెద్ద పీరు కర్రను తానే ఎత్తుకునేవాడు. ఊళ్లో మా ఇళ్లు పట్టుమని పది ఉండవు. అయినా పీర్ల పండుగ ఊరందరిదీ. చావిడి ముందు గుండం తవ్వి, మొద్దులు కాల్చి నిప్పులు చేస్తారు. పీర్లను ఎత్తుకున్నవాళ్లు ఆ నిప్పుల మీద నడుస్తారు. ఆ గుండానికి మొదటి మొద్దు ముజావరు ఇంటివాళ్లే తేవాలి, అదీ ఏటి ఒడ్డు అడవి నుంచే తేవాలి. మా మామ తండ్రి తెచ్చాడు, ఆయన తండ్రి తెచ్చాడు. మా మామ మీసం మొలవకముందు నుంచీ తెస్తున్నాడు.

ఇక ఆ అడవి. ఏరు వంపు తిరిగే చోట, వరద వచ్చినప్పుడల్లా మునిగి తేలే పల్లపు నేల అది. ఒడ్డు వెంబడి ఏరుమద్దులు, నల్లతుమ్మలు, కానుగలు. వాటి వెనక జమ్ము, తుంగ పెరిగిన మడుగులు. ఇంకా వెనక, మెరక మీద, నడుమెత్తు గడ్డి బయలు. ఆ బయలులో జింకలు. నేను కాపురానికి వచ్చే కొన్నాళ్ల ముందే ప్రభుత్వం దాని చుట్టూ కంచె వేసి, రక్షిత ప్రాంతమని బోర్డు పెట్టింది. ఊళ్లోవాళ్లకు ఆ పేరు నోరు తిరగక "జింకల కంచె" అన్నారు. ఆ జింకల కంచెకు వాచరు మా ఆయన.

"నా కొడుకు గవుర్మెంటు మనిషి" అని మా మామ ఎమ్మిగనూరు సంతలో కనబడినవాళ్లకల్లా చెప్పుకుని మురిసిపోయేవాడు. నేను ఉతికిన ఖాకీ చొక్కా పెరట్లో ఆరేస్తే ఒప్పుకునేవాడు కాదు. వీధికి కనబడేలా ముందువైపు తీగ కట్టించి, దాని మీద ఆరేయమనేవాడు.

మధ్యాహ్నం మా ఆయనకు కంచెలోకి బువ్వ తీసుకుపోవడం నా పని. మొదట్లో భయంతో ఏడుపొచ్చేది. గడ్డి బయలులో కాలిబాట పట్టి పోతుంటే తీతువుపిట్ట నెత్తి మీద తిరుగుతూ ఒకటే తిట్లు. దాని గుడ్లు ఎక్కడున్నాయో నాకేం తెలుసు, నా మీద ఎందుకంత కోపం? నేనూ తిట్టేదాన్ని. నా ఆదోని తిట్లు దానికి ఏమాత్రం ఎక్కేవి కావు. కొన్నాళ్లు గడిచాక జింకల మంద నన్ను చూసి పరుగెత్తడం మానేసింది. తలలెత్తి చూడడం, ఓ ఈమేనా అన్నట్టు మళ్లీ మేతలో పడడం. ఆ ఊళ్లో నన్ను ముందుగా సొంత మనిషిగా చూసింది ఆ జింకలే. నాకు భలే గర్వంగా ఉండేది. చలికాలం వస్తే ఎక్కడి నుంచో బాతులు దిగి మడుగంతా గోల గోల చేసేవి. అన్నం తింటూ మా ఆయన ఏది ఏ పిట్టో చెప్పేవాడు. సగం పేర్లు ఆయనే కల్పించాడని నా అనుమానం, ఇప్పటికీ ఒప్పుకోడు.

నేను వచ్చిన ఏడాది వరదకు, మడుగు మొదట్లో ఉన్న పెద్ద ఏరుమద్ది వేళ్లతో సహా ఒరిగిపోయింది. సగం గట్టు మీద, సగం నీళ్లలో పడింది. పెళ్లగిలిన వేళ్ల కింద పెద్ద బొరియ తయారైంది. వరద తీశాక ఆ బొరియలో నీటికుక్కలు కాపురం పెట్టాయి.

నీటికుక్క అంటే కుక్క కాదు. చూడడానికి ముంగిసకు పెద్దన్నలా ఉంటుంది. నున్నని ఒళ్లు, తెల్లని మీసాలు, బలమైన తోక. చేపను రెండు చేతులతో పట్టుకుని తల దగ్గర మొదలుపెట్టి కరకరా నమిలేస్తుంది. తిన్నాక ఆ మద్దిమొద్దు మీదికెక్కి బోర్లా పడి, పొట్ట రుద్దుకుని, ఎండలో ఆరుతుంది. మొదటిసారి చూసినప్పుడు నవ్వు ఆపుకోలేక బువ్వ గిన్నె జారవిడిచాను. బువ్వ నేలపాలైందని మా ఆయన కోప్పడలేదు. నవ్వితే అవి బెదురుతాయని కోప్పడ్డాడు.

ఆ మాను మీద మా మామ కూడా కన్నేసి పెట్టాడు. "గొడ్డలి పడకుండా పీరే పడగొట్టి పెట్టినాడు" అని సంబరపడ్డాడు. ఎండనీ, ఎండనీ అని ఏడాది ఓపిక పట్టాడు. కంచె పడ్డాక కూడా పండుగకని ఒక ఎండుమొద్దు తీసుకుపోతే అధికారులు చూసీచూడనట్టు ఊరుకునేవాళ్లు. ఆ ధైర్యంతో చావిడి అరుగు మీద కూర్చుని, ఈసారి గుండంలోకి మద్దిమానే అని ఊరందరికీ చెప్పేశాడు. కొడుకును మాత్రం అడగలేదు. కొడుకును అడగడమేమిటని ఆయన ఉద్దేశం.

మా పండుగలకు చంద్రుడే లెక్క కాబట్టి ఏటేటా ముందుకు జరుగుతుంటాయి. అలా జరిగి జరిగి ఆ ఏడు పీర్ల పండుగ వానల కాలంలోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే మద్దిమొద్దు కింద బొరియలో నీటికుక్క ఈనింది. నేనూ ఒట్టిమనిషిని కాదు. రోజూ అంత దూరం నడవొద్దని మా అత్త గొణుగుతున్నా వినకుండా, పిల్లలు బయటికొచ్చాయేమో చూడాలని పోయేదాన్ని.

పండుగ దగ్గర పడ్డాక ఒక రోజు బువ్వ తింటూ మా మామ మాట ఎత్తాడు. "ఏమప్పా, నాలుగు దినాలు పోతే బండి తోలుకొస్తా. మనుషుల్ని మాట్లాడినా."

"యానికి నాయనా?"

"మద్దిమాను తెచ్చేకి."

మా ఆయన రొట్టె నములుతూనే తల అడ్డంగా ఊపాడు. "అది ఇయ్యను. దాని కింద నీటికుక్క ఈనింది. ఎండిన తుమ్మకొమ్మ ఒకటుంది, మా ఆపీసరును అడిగి అది ఇప్పిస్తా."

"పీరు సూపిచ్చిన మాను పెట్టుకొని, ముజావరు ఇంటోళ్లు కొమ్మ తెచ్చిరంటే ఊరు నగదా?"

"నగితే నగనీ."

మా మామ చేయి కడుక్కుని లేచాడు. అంతే, ఆ రోజుతో నాకు కొత్త ఉద్యోగం వచ్చింది.

"అమ్మా, నీ మొగునికి సెప్పు, ఆ కాకీ సొక్కా వచ్చింది నేను సదివిస్తేనే అని."

మా ఆయన నాకు మూరెడు దూరంలోనే ఉన్నాడు. "మా నాయనకు సెప్పు, సదువుకున్నా కాబట్టే బోర్డు మీద ఏముందో తెలుస్తాందని."

"మామా, బోర్డు మీద..."

"ఇన్నాలేమ్మా."

విన్నప్పుడు నేనెందుకు చెప్పాలి? అయినా చెప్పాల్సిందే. చెప్పకపోతే ఇద్దరూ నా వైపు గుడ్లప్పగించి చూస్తూ కూర్చునేవాళ్లు, ముద్ద ఎత్తేవాళ్లు కాదు. చివరికి "నీ మొగుణ్ని రవ్వంత పక్కకు జరగమను, గాలి తగల్లేదు" అనే దాకా వచ్చింది. మా అత్త ఒక్కతే హాయిగా ఉంది. కాపురానికొచ్చినప్పటి నుంచీ ఈ ఇల్లు ఇంత నెమ్మదిగా ఎప్పుడూ లేదని, ఇంకో నెల ఇట్లే ఉంటే బాగుండునని నా చెవిలో చెప్పి నవ్వింది.

చావిడి ముందు గుద్దలి వేసి గుండం తవ్విన రోజున ఆ నవ్వు కూడా ఆగిపోయింది. తవ్వడం అయ్యాక ఊరంతా మా మామ వైపు చూసింది. మొద్దు లేదు. "ఏం తాతా, మద్దిమాను ఈదుకుంటా వస్తాందా?" అన్నాడొకడు. "ఇంట్లోనే గవుర్మెంటును పెట్టుకుంటే ఇంతేలే" అన్నాడింకొకడు. మా మామ ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తలపాగా విప్పి, మడిచి, మళ్లీ విప్పాడు. కంచం ముందు పెట్టినా చేయి పెట్టలేదు.

"నా మాట పోయిందమ్మా" అన్నాడు. "కొడుకు ముందర పోతే ఓర్చుకుందును. ఊరి ముందర పోయింది."

అంత పెద్దమనిషి గొంతు అలా సన్నబడితే నాకు ఆయన మీద ప్రేమ పొంగింది. దాంతోపాటు చిరాకు కూడా పొంగింది, నాకు ఆ రెండూ కలిసే వస్తాయి. పక్కనే కూర్చుని చెవులు రిక్కించిన మొగుణ్ని చూసేసరికి ఇంకా మండింది. గరిటె గిన్నెలో పడేసి అనేశాను:

"ఊరు నగేది నాకు తెల్దు మామా. బాలింత ఇంటి కప్పు పీకి తెచ్చి నిప్పు పెడితే, ఆ నిప్పు మీద పీరు నడుస్తాడా?"

మా అత్త నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. మామతో నేను అంత మాట అనడం అదే మొదలు. ఆయన నా ముఖం చూశాడు. పెరుగుతున్న నా కడుపు చూశాడు. తలపాగా చుట్టుకుని చావిడికి వెళ్లిపోయాడు. మా ఆయన మీసాల్లో నవ్వు కనబడింది. "నువ్వు నగద్దు. మీ నాయన మాట పోతాంటే నీకు బాగుందా?" అని ఆయనకూ ఒకటి తగిలించి, వంటింట్లోకి పోయి నేను ఏడ్చాను. ఈయన మాట గెలిస్తే ఆయన ఊళ్లో తలెత్తుకోలేడు. ఆయన మాట గెలిస్తే ఈయన కంచె గేటు దగ్గర మళ్లీ నిలబడలేడు. ఏది జరిగినా నేను జీవితమంతా ఆ ఇద్దరి మధ్యా కబుర్లు మోయాల్సిందేనని బెంగ పట్టుకుంది.

పీర్లు ఊరేగే సాయంత్రం వచ్చింది. ఊదు పొగ, తప్పెట్లు, నెమలీకల కుంచెలు. మా మామ పెద్ద పీరును ఎత్తుకున్నాడు. ప్రతి ఇంటి ముందూ ఆడవాళ్లు బిందెలతో ఆయన కాళ్ల మీద నీళ్లు పోస్తున్నారు. పీరు ఒంటి మీదికి వస్తే మా మామ మా మామ కాదు. కళ్లు వేరు, గొంతు వేరు. ఆ వేళలో ఊరివాళ్లు అడిగిందానికి పీరు జవాబు చెబుతుంది. వాన ఎప్పుడు, తప్పిపోయిన ఎద్దు యాడ, పిల్లకు సంబంధం ఎప్పుడు కుదురుతుంది, అన్నీ అడుగుతారు. ఆ రోజు ఊరి పెద్దమనిషి ఒకాయన ముందుకొచ్చి దండం పెట్టాడు.

"సామీ, నీ గుండానికి మొద్దు యాడుంది?"

పీరు గిరుక్కున తిరిగి ఏటి వైపు ఉరికింది. వెనక తప్పెట్లు, వాటి వెనక ఊరు. జనంలో కొందరి భుజాల మీద గొడ్డళ్లు కూడా కనబడ్డాయి, ముందే సిద్ధం చేసుకున్నట్టున్నారు. నేనూ బయలుదేరాను. "నిదానం, నిదానం" అని నా చేయి పట్టుకున్న మా అత్త, నన్ను వదిలేసి నాకంటే ముందు ఉరికింది.

కంచె గేటు మూసి ఉంది. లోపల మా ఆయన ఒక్కడే నిలబడి ఉన్నాడు. గేటు తీయకపోతే ఊరందరి ముందూ పీరును, కన్నతండ్రిని ఆపినవాడవుతాడు. తీస్తే పొద్దు మునిగేలోపు మద్దిమాను ముక్కలు. ఆయన ఒకసారి అందరినీ చూశాడు. గేటు పక్కనున్న కాపలా గుడిసెలోకి పోయాడు. పారిపోయాడనుకున్నాను, దేవుడు నన్ను క్షమించాలి. తాగే నీళ్ల కుండ ఎత్తుకుని బయటికొచ్చాడు. చెప్పులు విడిచి, గేటు బార్లా తీసి, తన గడపకు పీరు వస్తే ఏ ఇంటివాళ్లైనా చేసే పనే చేశాడు. కుండెడు నీళ్లూ తండ్రి కాళ్ల మీద పోశాడు.

తర్వాత లేచి జనంతో అన్నాడు. "పీరుకు అడ్డం ల్యా. తప్పెట్లు, గొడ్డళ్లు మాత్రం ఈడనే పెట్టి రాండి."

పీరు ముందు ఎవరూ గొడవకు దిగలేదు. తప్పెట్లు ఆగిపోయాయి. గొడ్డళ్లు గేటు పక్కన కుప్ప పడ్డాయి. అంత జనమూ చెప్పుల్లేని కాళ్లతో, గడ్డిలో, చప్పుడు లేకుండా నడిచారు. కంచె పడ్డప్పటి నుంచీ ఆ బయలు లోపలికి అడుగు పెట్టనివాళ్లు ఎంతోమంది. దూరంగా జింకలు తలలెత్తి, ఈసారి నన్ను కూడా గుర్తుపట్టకుండా, గడ్డి మీదుగా ఎగిరెగిరి పోయాయి. "అబ్బా!" అన్నారెవరో నా వెనక.

మడుగు దగ్గర ఎండ వాలుగా పడుతోంది. మొద్దు మీద పడుకున్న తల్లి నీటికుక్క మెడ నిక్కించి నిలబడింది. ఈల లాంటి కూత వేసింది. బొరియలోంచి బయటికొచ్చిన పిల్లలు, కళ్లు సరిగా తెరిచాయో లేదో, ఒకదాని మీద ఒకటి పడుతూ మళ్లీ లోపల దూరాయి. తల్లి మాత్రం పోలేదు. అంత జనాన్ని చూసి కూడా బొరియ ముందు నుంచి కదల్లేదు.

పీరు దాని ఎదురుగా నిలబడి ఊగింది. తర్వాత మా మామ నోటి వెంట పీరు బొంగురు గొంతు వచ్చింది.

"ఈడ బాలింత ఉంది. బాలింత ఇంటి కప్పు పీకి నాకు నిప్పు పెడ్తారా? ఆ నిప్పు మీద నేను నడవను. ఇంటికొక కట్టె తెచ్చి ఎయ్యండి. నాకు అదే మొద్దు."

ఆ మాట నాది. పప్పు వడ్డిస్తూ నేనన్న మాట. మా అత్త నా వైపు చూసింది, నేను నేల చూశాను. చుట్టూ అందరూ దండాలు పెడుతున్నారు. పీరును ఇంకొకరు అందుకోగానే మా మామ ఒళ్లంతా సడలి గట్టు మీద కూలబడ్డాడు. కాసేపటికి కళ్లు తెరిచాడు. ఎదురుగా కొడుకు.

"నీళ్లియ్యప్పా" అన్నాడు.

నాతో కాదు. నేరుగా కొడుకుతో. మా ఆయనకు ఆ నాలుగు అక్షరాలు విని కళ్లు నిండాయి. కుండలో నీళ్లన్నీ కాళ్ల మీదే పోసేశాడు కదా, గబగబా మడుగులోకి దిగి ముంచుకొచ్చాడు. మా మామ కడుపు నిండా తాగి మూతి తుడుచుకున్నాడు.

ఆ ఏటి గుండం మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంటికొక కట్టె అన్నాడు పీరు, ఏ కట్టె అన్నది చెప్పలేదు. కందికంప, పత్తికట్టె, విరిగిన నాగలి మేడితోక, పాత మంచం కోడు, ఎవరికి దొరికింది వాళ్లు తెచ్చారు. ఒక మహాతల్లి తన వంతు భక్తిగా పెద్ద మోపు మిరపకట్టె తెచ్చి వేసింది. దానికి ఇంకా ఎండుకాయలు వేలాడుతున్నాయి. ఊరు ఊరంతా దగ్గు. కళ్లు ఎర్రబడి, ముక్కులు కారి, తప్పెట కొట్టేవాడు తప్పెట వదిలేసి ఉరికాడు. మొహర్రం శోకదినాలు కదా, ఆ పండుగకు ఏడవాలని మా పెద్దలంటారు. ఆ ఏడు మా ఊళ్లో ఏడవనివాళ్లు ఒక్కరు లేరు. మళ్లీ ఏడు నుంచి ఇంటికొక కట్టే వాడుక అయిపోయింది, మిరపకట్టె తప్ప. మా మామను మద్దిమాను గురించి ఎగతాళి చేసినవాళ్లే ఆ మోపులు మోశారు.

నేను ఆగలేక ఒకసారి అడిగాను. "మామా, ఆ రోజు మడుగు కాడ పీరు అన్న మాట..."

"పీరు ఏమన్నాడో నాకెట్ల తెలుస్తాదమ్మా?" అన్నాడు అమాయకంగా. "అప్పుడు నేను ఆడ లేను కదా."

ఆ తర్వాత ఎక్కువ రోజులు గడవలేదు. పైన వానలు పడి డ్యాం గేట్లు ఎత్తారు. తుంగభద్ర ఎర్రగా పొంగింది. కంచెలో పల్లమంతా నీళ్లు. వరద తీసిన రోజు మా ఆయన మోకాళ్ల దాకా బురదతో వచ్చి గడపలో కూలబడ్డాడు. మద్దిమొద్దు లేదు. ఏరు ఎత్తుకుపోయింది. బొరియ ఉన్న చోట ఒట్టి ఇసక. అంత గొడవ పడి కాపాడింది ఏటిపాలయిందని, పిల్లలు ఏమైపోయాయో అని, బువ్వ వద్దన్నాడు. నేను పొయ్యి ముందు కూర్చుని రొట్టె కాలుస్తున్నాను. నాకూ దుఃఖం వచ్చింది.

మా మామ చాప మీది నుంచి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నీ మొగునికి సెప్పు, ఏడ్సొద్దని. నీళ్లు పెరగకముందే తల్లి ఒక్కొక్క పిల్లను నోట కరుసుకొని మెరక మీది తుమ్మల్లోకి మోసుకుపోయింది. అన్నీ సేరినాయి. నేను సూసినా."

మా ఆయన గిరుక్కున తిరిగాడు. "నువ్వు యాడ సూసినావు నాయనా? గేటుకు తాళం నా కాడ ఉంటే?"

"గేటుకు తాళం ఉంది. ఏటికి యాడుందప్పా తాళం?" అన్నాడు మా మామ. "పండగ ముందు నుంచీ దినామూ పోతాండా. ఆ బాలింత సేప తినేది సూడకపోతే నాకు బువ్వ దిగల్యా."

పండుగ ముందు నుంచీ అన్నాడు. అంటే నేను బాలింత మాట అన్న రోజు నుంచే.

జింకల కంచె వాచరు, దొంగతనంగా కంచెలో దూరిన మనిషిని ఏమనాలో తెలియక నోరు తెరిచాడు. "మా నాయనకు సెప్పు..." అని నా వైపు తిరిగాడు. అక్కడే ఆగిపోయి, పగలబడి నవ్వాడు. మా మామ పక్కకు జరిగి చాప మీద చోటు చూపించాడు.

నేను ఇద్దరికీ ఒకే కంచంలో రొట్టెలు వేసి పెట్టాను.